మనీలా మీదుగా సికింద్రాబాద్

శ్రోతలకు నమస్కారం.

సికింద్రాబాద్‌లో మాట్లాడిన మాట సికింద్రాబాద్‌లో వినబడాలంటే మనీలా దాకా వెళ్లి రావాలా? మా చిన్నప్పుడు వెళ్లే వచ్చేది. ఇక్కడి అమృతవాణి అనే క్యాథలిక్ కేంద్రంలో తయారైన తెలుగు క్రైస్తవ కార్యక్రమాలు ఫిలిప్పీన్స్‌లోని రేడియో వెరితాస్ ఆసియా అనే స్టేషనుకు చేరి, అక్కడి నుంచి షార్ట్‌వేవ్‌లో మనింటికొచ్చేవి. సుమారు 4,500 కిలోమీటర్ల దూరం!

అంత చుట్టుతిరుగుడు ఎందుకంటే, అప్పట్లో ఇక్కడ రేడియో అంటే సర్కారుదే. ప్రైవేటు ఎఫ్‌ఎంలు వచ్చాక కూడా మత సంస్థలకు లైసెన్సు లేదు. మనీలా స్టేషనేమో 1969 ఏప్రిల్‌లో మొదలైంది. చరిత్ర ఇంతటితో ఆపుతాను, మా తాతయ్య పోస్టుకార్డు సంగతి చెప్పాలి.

తాతయ్య లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. రేడియో గూట్లో ఉండేది. దానికో రాగితీగ కట్టి డాబా మీదికి లాగాడు. ముల్లు వెంట్రుకవాసి కదిలితే చాలు, పాట పోయి గరగర మిగిలేది. పక్కింట్లో ట్యూబులైటు వేస్తే గరగర ఇంకా పెరిగేది. ఆకాశంలో చాలా ఎత్తున ఉండే ఒక పొరకు తగిలి కిందికి దిగే అలలు కదా, గొంతు దగ్గరికొచ్చినట్టే వచ్చి దూరమైపోయేది.

తాతయ్య వింటూనే పెన్సిలుతో అంకెలు వేసేవాడు. 3, 4, 3, 2, 3. షార్ట్‌వేవ్ శ్రోతలు దీన్ని సిన్‌పో అంటారు. సిగ్నల్ బలం, పక్క స్టేషన్ల గోల, గరగర, గొంతు ఎక్కిదిగడం, చివరికి మొత్తం మీద ఎలా వినబడింది అని. ఒక్కోదానికి అయిదుకు ఇన్ని మార్కులు. అయిదొస్తే బ్రహ్మాండం, ఒకటొస్తే ఏమీ వినబడనట్టే. ఆ అయిదు అంకెలూ, తేదీ, టైమూ, ముల్లు నిలిచిన కిలోహెర్ట్జ్ అంకే కార్డు మీద రాసి మనీలాకు పంపేవాడు.

మా నాయనమ్మకు ఒళ్లు మండేది. "ఏమయ్యా, దేవుడి వాక్యానికి కూడా మార్కులేస్తావా?" అనేది.

"వాక్యానికి కాదే, గాలికి!" అనేవాడు తాతయ్య.

కొన్ని నెలలకు మనీలా నుంచి జవాబు కార్డొచ్చింది, విన్నది నిజమేనని ధ్రువీకరిస్తూ. మార్కుల మీద అంత మండిపడ్డ నాయనమ్మే దాన్ని తీసుకెళ్లి బైబిల్లో పెట్టుకుంది.

ఆ షార్ట్‌వేవ్ ప్రసారాలు 2018 జూన్ 30న ఆగిపోయాయి. ఇప్పుడు ఇంటర్నెట్‌లో వస్తాయి. బాగానే వినిపిస్తాయి, అయిదుకు అయిదు. నాకెందుకో ఆ రెండూ మూడూ మార్కుల గొంతే ఇష్టం.

ఒక్క మాట. మీ ఇంట్లో ట్రంకుపెట్టెలో ఇలాంటి కార్డులుంటే పాత పేపర్లతో కలిపి వేసేయకండి. ఎవరు విన్నారో, ఏ ఊళ్లో, ఏ రేడియోలో విన్నారో వెనకాల పెన్సిలుతో రాసిపెట్టండి. పెన్నుతో వద్దు, సిరా ఇటువైపుకు దిగుతుంది. మా కార్డు మీద నేను పెన్నుతోనే రాశాను. ఇప్పుడు అందులో కిలోహెర్ట్జ్ అంకె కనబడటం లేదు.