ఒక కప్పు, రెండు వాటాలు: ఆరోవిల్‌లో ఇంటికి ముగ్గు పోస్తే

[తెర మీద: ఎర్రమట్టి నేల, సున్నంతో పోసిన ముగ్గు]

నమస్కారం. ఈ ముగ్గు రెండు కుటుంబాలు కలిసి ఉండబోయే ఇంటిది. వాళ్లు అన్నదమ్ములు కారు, చుట్టాలూ కారు. పుదుచ్చేరి పక్కనున్న ఆరోవిల్‌లో ఇలాంటి ఇల్లు కట్టాలంటే ఎలా గీయాలో చూద్దాం.

దేశదేశాలవాళ్లు కలిసి ఉండాలని 1968 ఫిబ్రవరి 28న మొదలైన ఊరది. అక్కడ నేలా, ఇల్లూ ఎవరి సొంతమూ కావు, ఆరోవిల్ ఫౌండేషన్‌వి. మీ డబ్బుతో కట్టుకున్నా అమ్ముకోలేరు, పిల్లలకు రాసివ్వలేరు. ఈ మాట వింటే మనవాళ్లకు గుండె జారుతుంది, నాకు తెలుసు! కానీ ప్లాన్ అంతా దీని మీదే నడుస్తుంది. రేపు ఒక కుటుంబం వెళ్లిపోతే ఆ వాటాలోకి ఎవరొస్తారో తెలియదు. ఆ వచ్చేవాళ్ల కోసం కూడా ఇవాళే గీయాలి.

[ముగ్గు మధ్య గది మీద వేలు]

ముందు వంటిల్లు. మధ్యలో ఒకటే పెద్దది పెడితే ఫ్రిజ్ ఒకటి, సింకు ఒకటి, గ్యాస్ ఒకటి చాలు. బాగానే ఉంది. కానీ పొద్దున్నే నిద్రమొహంతో, కాఫీ కోసం పక్కవాటా వాళ్ల ముందు ఎన్నాళ్లు నిలబడతారు? అందుకే ప్రతి వాటాలో ఓ చిన్న గట్టు కట్టి, నీళ్ల పైపూ డ్రైన్ పైపూ అక్కడిదాకా తెచ్చి మూతలు బిగించాలి. ఇవాళ అది కాఫీ మూల. కొత్తవాళ్లకు వంట కలవకపోతే అదే వంటిల్లవుతుంది, గోడలు పగలగొట్టక్కర్లేదు.

బాత్‌రూమ్‌లు ఎవరివి వాళ్లకే. వాటిని పడమటి వైపు పెడితే సాయంత్రం ఎండ పడకగదుల మీద పడదు. మధ్యలో మండువా. లోగిళ్లలో పెరిగినవాళ్లకు దాని సుఖం చెప్పక్కర్లేదు.

[ఇటుక నొక్కే యంత్రం]

గోడలకు మట్టి ఆ స్థలంలోదే. 1989లో మొదలైన అక్కడి ఎర్త్ ఇన్‌స్టిట్యూట్ ఇలా మట్టిని నొక్కి ఇటుకలు చేసే పనికి పేరుపొందింది. పైమట్టిలో ఆకులూ వేళ్లూ ఉంటాయి, ఇటుకకు పనికిరాదు, దాన్ని తోటకు తీసిపెడతారు. కింది ఎర్రమట్టిలో సుమారు 5 శాతం సిమెంటు కలిపి, యంత్రంలో నొక్కి, నాలుగు వారాలు తడి ఆరకుండా ఉంచుతారు. బట్టీ లేదు, పుల్ల కాల్చేది లేదు. 24 సెంటీమీటర్ల మందం గోడ కాబట్టి పక్కవాటా టీవీ మోత కూడా బాగా తగ్గుతుంది. వానకు మాత్రం చూరు బాగా బయటికి దించాలి.

ఇక మట్టి తవ్విన గొయ్యి. ముగ్గులో ఆ మూల చదరం అదే. పూడ్చకుండా వాననీటి ట్యాంకు కడతాం. 100 చదరపు మీటర్ల కప్పు మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే 100 లీటర్లు. అక్కడ పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఒక్కరోజు 50 మిల్లీమీటర్లు కురిస్తే 5,000 లీటర్లన్నమాట, కారిపోయేది కొంత తీసేయండి.

ట్యాంకు ఉమ్మడిదే. మోటారు స్విచ్ మాత్రం రెండు వాటాల్లోనూ పెట్టించండి. లేకపోతే పైట్యాంకు పొర్లిన ప్రతిసారీ, అర్ధరాత్రయినా సరే, ఒకరి తలుపు మరొకరు బాదాల్సిందే.