మెస్ లైన్లో మన వెనక నిలబడేవాళ్ళు

(కావలిలో డిగ్రీ విద్యార్థులతో మాట్లాడిన పాఠం)

అందరికీ నమస్కారం. పీజీకి వెళ్ళాక చదువుకుంటూనే యూనివర్సిటీ రేడియోలోనో పత్రికలోనో పని చేయొచ్చా, చదువు దెబ్బతింటుందా అని మీలో చాలామంది అడిగారు. చేయొచ్చు, తప్పకుండా చేరండి. నేను హైదరాబాదులో ఎమ్మే చదివిన రెండేళ్ళూ కాంపస్ రేడియోలో పనిచేశాను, గంటల లెక్కన డబ్బులిచ్చేవాళ్ళు.

మన దేశంలో విద్యాసంస్థలు సొంత రేడియో పెట్టుకునే వీలు 2002లో వచ్చింది. మొదటిది 2004 ఫిబ్రవరిలో చెన్నైలోని అన్నా యూనివర్సిటీలో మొదలైంది. ఇలాంటివి వంద వాట్ల చిన్న స్టేషన్లు, పది పదిహేను కిలోమీటర్లు దాటి వినపడవు. సొంతంగా వార్తలు చదవకూడదు, ఆకాశవాణి వార్తలే ఉన్నవి ఉన్నట్టుగానో, స్థానిక భాషలోకి అనువదించో వేయాలి. కానీ పరీక్షలు, అడ్మిషన్లు, కరెంటు కోతలు, తుఫాను హెచ్చరికలు చెప్పొచ్చు. అంత చిన్న చోట ఇంకేం కావాలి చెప్పండి, హాస్టల్ పిల్లలకి పరీక్ష ఫీజు తేదీ కంటే పెద్ద వార్త ఏముంటుంది?

నేను తప్పు చేసింది కూడా అక్కడే. వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టిన నోటీసు చూసి, ఫీజుకి ఇంకో వారం గడువు పెంచారని సాయంత్రం మైకులో చదివేశాను. అది పోయిన సంవత్సరం నోటీసు. మర్నాడు పొద్దున మెస్‌లో ప్లేటు పట్టుకుని నిలబడితే నా వెనకున్న అమ్మాయి, "అన్నా, రాత్రి మీరే కదా చెప్పింది, నేను ఇంటికి ఫోన్ చేసి డబ్బులు నిదానంగా పంపమన్నాను" అంది. ఆ రోజే ఆఖరి తేదీ. ముగ్గురం కలిసి డబ్బులు పోగేసి మధ్యాహ్నంలోపు కట్టించాం, కానీ ఆ అమ్మాయి మొహం నాకిప్పటికీ గుర్తుంది. పెద్ద చానల్లో తప్పు చదివితే విన్నవాళ్ళెవరో మనకు తెలియదు, ఇక్కడ మాత్రం విన్నవాళ్ళు మన పక్క గదిలోనే ఉంటారు. అప్పటి నుంచి ఎగ్జామ్ బ్రాంచికి వెళ్ళి, సంతకం, తేదీ ఉన్న సర్క్యులర్ నా కళ్ళతో చూడకుండా ఒక్క ముక్క చదవలేదు. మీరు ఏ విభాగంలో చేరినా మొదటి రోజు నుంచే ఈ అలవాటు చేసుకోండి.

డబ్బుల సంగతి, హాజరు సంగతి కూడా చెప్తాను. డెబ్బై అయిదు శాతం హాజరు లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు, ఎడిటింగ్ చేస్తూ రాత్రి రెండయితే పొద్దున తొమ్మిది క్లాసు పోతుంది, నాకు మొదటి సెమిస్టర్లో పోయాయి కూడా. అందుకని వారానికి ఎన్ని గంటలు పనో చేరేటప్పుడే రాయించుకోండి, పరీక్షల నెలలో తగ్గించమని ముందే అడగండి. చేసిన గంటలు ఏ రోజుకారోజు నోటుబుక్కులో రాసుకోండి. మాకు ఒకసారి మూడు నెలల డబ్బులు ఆగిపోతే, ఆ నోటుబుక్కు చూపించే తీసుకున్నాం. అనుభవం వస్తుంది కదా, డబ్బులెందుకు అంటారు కొందరు. ఇంటి నుంచి డబ్బులు రాని పిల్లలు అప్పుడు ఆ పని ఎలా చేస్తారు?

ఇంకొక్కటి. సంక్రాంతి సెలవులకు వెళ్తున్నప్పుడు, ఎవరి ఊరి నుంచి వాళ్ళు ఒక గొంతు రికార్డు చేసుకు రమ్మని స్టేషన్లో చెప్పారు. మాది నెల్లూరు జిల్లా విడవలూరు వైపు. తెల్లవారుజామున మా బాబాయి రొయ్యల గుంట గట్టు మీద కూర్చుని హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే నీళ్ళలో గాలి కలిపే మోటార్లు, ఏరియేటర్ల మోత తప్ప ఏమీ వినపడలేదు, అయిదు నిమిషాలు ఆపమన్నాను. "ఇప్పుడా? తెల్లారేముందే నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోతాది అబ్బయా, ఆపితే రొయ్య పైకి తేల్తాది" అన్నాడు. ఆ ఒక్క మాటలో రొయ్యల రైతుకి రాత్రి నిద్ర ఎందుకుండదో ఉంది, నేను రాసుకుపోయిన పది ప్రశ్నల్లో అది లేనే లేదు. మైకు ఆయన నోటికి జానెడు దూరంలో పెట్టి, మోతతోనే రికార్డు చేశాను. స్టేషన్లో ఒకరు యాస తగ్గించి మళ్ళీ చెప్పించమన్నారు, నేను ఒప్పుకోలేదు. అలాగే వేశాం.

హైదరాబాదు రేడియో విడవలూరు దాకా వినపడదు కాబట్టి ఆ ముక్క ఫోనుకి పంపాను. బాబాయి గట్టు మీదే స్పీకర్లో పెట్టి పక్క గుంటల వాళ్ళందరికీ వినిపించాడంట. తర్వాత నాకు ఫోన్ చేసి, "మోటార్ల సౌండు బాగా పడింది రా, మన గుంటే అని అందరూ గుర్తుపట్టారు" అన్నాడు.