కీ కొనే ముందు సిస్టమ్ చూసుకోండి

అందరికీ నమస్కారం. డీటీపీ, జిరాక్స్, ఫొటో స్టూడియో, ఆన్‌లైన్ సర్వీసు సెంటర్లు నడిపేవాళ్లే ఇక్కడ ఎక్కువమంది ఉన్నారు కాబట్టి పెద్ద ఉపోద్ఘాతం పెట్టుకోను. సాయంత్రం రద్దీ మొదలయ్యేసరికి మీరంతా షాపుల్లో ఉండాలి.

2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి మామూలు సపోర్టు ఆపేసింది. ఆ తేదీ దగ్గరపడ్డప్పటి నుంచి మన ఫోన్లకి ఒకటే రకం మెసేజీలు. "విండోస్ 11 ప్రో, ఒరిజినల్ కీ, లైఫ్‌టైమ్, 499 మాత్రమే." కీ అంటే విండోస్‌ని యాక్టివేట్ చేయడానికి కొట్టే కోడ్. మైక్రోసాఫ్ట్ దగ్గర కొంటే హోమ్ ఎడిషనే పది వేలు దాటుతుంది, ప్రో ఇంకా ఎక్కువ. పది వేల సరుకు ఐదొందలకి ఎలా వస్తుందని ఎవరూ అడగరు. "పనిచేస్తుందా?" అని అడుగుతారు. పనిచేస్తుంది, చాలాసార్లు నిజంగానే పనిచేస్తుంది. తిరకాసంతా అక్కడే ఉంది.

నేను చెప్పదలుచుకున్నది ఒక్క మాట. కీ అన్నది అన్నిటికన్నా ఆఖర్న కొనాల్సింది, అదీ అవసరమైతేనే. సర్వీసుకి వచ్చే సిస్టమ్‌లు చూస్తుంటాను కదా, చవక కీ కొన్నవాళ్లలో ఎక్కువమంది రెండు రకాలు. లైసెన్సు చేతిలో ఉండగానే మళ్లీ కొన్నవాళ్లు కొందరు. ఆ విండోస్ ఎక్కనే ఎక్కని సిస్టమ్‌కి కీ కొన్నవాళ్లు మిగతావాళ్లు.

మొదటి రకం సంగతి చూద్దాం. విండోస్ 8 కాలం నుంచి కంపెనీ ల్యాప్‌టాప్‌లు, బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లలో కీని మదర్‌బోర్డు మీద బయోస్, అంటే సిస్టమ్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రామ్, ఉండే చిప్‌లోనే రాసి పంపుతున్నారు. విండోస్ 7 రోజుల్లో లాగా అడుగున స్టిక్కర్ ఉండదు. స్టిక్కర్ లేదు కాబట్టి లైసెన్సు లేదనుకుని ఫార్మాట్ చేసినప్పుడల్లా కొత్త కీ కొనేవాళ్లు ఉన్నారు. అక్కర్లేదు. అదే ఎడిషన్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసి నెట్ తగిలిస్తే దానంతటదే యాక్టివేట్ అవుతుంది. విండోస్ 10 సరైన లైసెన్సుతో ఉండి, సిస్టమ్‌కి అర్హత ఉంటే విండోస్ 11కి మారడం ఉచితం. ఆ ఉచితానికి ఐదొందలు పెట్టి కీ కొంటున్నాం.

మీ దగ్గర ఏముందో తెలుసుకోవడం కష్టం కాదు. సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ పేజీ తెరవండి. డిజిటల్ లైసెన్సుతో యాక్టివేట్ అయిందని రాసి ఉంటే మంచిదే. మీ సంస్థ యాక్టివేషన్ సర్వీసు ద్వారా అయిందని రాసి ఉంటే కాస్త ఆగి ఆలోచించండి. మీ షాపుకి అలాంటి సర్వీసు ఎక్కడుంది? ఎవరో టెక్నీషియన్ పెన్‌డ్రైవ్‌లోంచి యాక్టివేటర్ ఒకటి నడిపించి వెళ్లాడన్నమాట. పెద్ద కంపెనీల్లో వేల సిస్టమ్‌లు ఆఫీసులోని సర్వర్‌ని అడిగి యాక్టివేట్ అవుతాయి. ఆ పద్ధతిలో చెల్లుబాటు 180 రోజులు, మధ్యమధ్యలో మళ్లీ సర్వర్‌ని పలకరించాలి. యాక్టివేటర్లు ఆ సర్వర్ వేషం వేస్తాయి. అవి పనిచేయాలంటే ముందు యాంటీవైరస్ ఆపమంటాయి. ఖాతాదారుల ఆధార్, పాన్ కాపీలు ఉన్న సిస్టమ్‌లో ఆ పని చేయడానికి మీకెలా ధైర్యం వస్తుందో నాకు అర్థం కాదు.

సరే, 499 కీలు ఎక్కడివి? కొన్ని స్క్రాపుకి పోయిన కంప్యూటర్లవి. వాటికి తయారీ కంపెనీయే వేసి ఇచ్చిన ఓఈఎం లైసెన్సు ఆ మిషన్‌తోనే పుట్టి ఆ మిషన్‌తోనే పోవాలి, ఇంకో దానికి మార్చే హక్కు లేదు. కొన్ని పెద్ద సంస్థలకి ఇచ్చిన వాల్యూమ్ కీలు. ఒకే కీ మీద ఇన్ని యాక్టివేషన్లు అని లెక్క ఉంటుంది, దాన్ని విడివిడిగా అమ్మేస్తారు. మీకు వచ్చిన కీయే ఇంకా ఎంతమందికి వెళ్లిందో తెలియదు. కొన్ని విద్యార్థులకీ డెవలపర్లకీ ఇచ్చినవి. ఇంకొన్ని దొంగిలించిన కార్డులతో కొన్నవి. అన్నీ మొదటి రోజు యాక్టివేట్ అవుతాయి. మైక్రోసాఫ్ట్ ఆ కీని బ్లాక్ చేసిన రోజున, లేదా మదర్‌బోర్డు పోయి మార్చిన రోజున, స్క్రీన్ మూలన "యాక్టివేట్ విండోస్" అని పడుతుంది. అమ్మినవాడి నంబరు అప్పటికి స్విచ్డ్ ఆఫ్.

యాక్టివేట్ అయితే లైసెన్సు ఉన్నట్టే అనుకోవడం మనలో చాలామందికి ఉన్న భ్రమ. తాళంచెవి చేతికొచ్చినంత మాత్రాన ఇల్లు మన పేరున రిజిస్టర్ అయినట్టు కాదు కదా. మన కాపీరైట్ చట్టం 1957లో 63బీ సెక్షన్ ఉంది. సరైన హక్కు లేని కాపీ అని తెలిసి కంప్యూటర్‌లో వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. వ్యాపారం కోసం కాకుండా వాడినట్టయితే కోర్టు జైలు లేకుండా వదిలిపెట్టవచ్చు. మనం వాడేది వ్యాపారానికే. మీ మీదకి రేపే ఎవరో వస్తారని బెదిరించడం లేదు. బిల్లు లేకుండా కొన్నదాన్ని "ఒరిజినల్" అని పిలవొద్దంటున్నాను, అంతే.

ఆన్‌లైన్‌లో కొన్ని యూరప్ సైట్లు సెకండ్‌హ్యాండ్ లైసెన్సులు బాహాటంగా అమ్ముతాయి. అది ఎలా కుదురుతోందని ఒకాయన అడిగారు. 2012 జులై 3న యూరోపియన్ యూనియన్ కోర్టు ఒరాకిల్, యూజ్డ్‌సాఫ్ట్ కేసులో తీర్పు ఇచ్చింది. శాశ్వతంగా కొన్న సాఫ్ట్‌వేర్ లైసెన్సును కొన్నవాడు తిరిగి అమ్ముకోవచ్చంది. కానీ అమ్మేవాడు తన కాపీని పనికిరాకుండా చేయాలి, గుత్తగా కొన్న యూజర్ల లైసెన్సును ముక్కలు చేసి అమ్మకూడదు అని కూడా చెప్పింది. ఆ తీర్పు అక్కడిది. వాట్సాప్‌లో వచ్చే 499 కీకి దాన్ని అడ్డం పెట్టుకోలేం.

నిజమైన తగ్గింపులు లేవా అంటే ఉన్నాయి, కాకపోతే వాటి తీరు వేరు. 2012లో విండోస్ 8 వచ్చినప్పుడు అప్‌గ్రేడ్‌ను కంపెనీయే 1,999 రూపాయలకి ఇచ్చింది, 2013 జనవరి 31 దాకా. 2015 జులై 29న విండోస్ 10 వచ్చినప్పుడు విండోస్ 7, 8.1 ఉన్నవాళ్లకి ఏడాది పాటు ఉచితం అంది. గడువు ఉంటుంది, పాత లైసెన్సు ఉన్నవాడికే దక్కుతుంది, డబ్బు కంపెనీకే వెళ్తుంది. ఆ 1,999 ఆఫర్ చూసి ఎగబడి కొన్నవాళ్లలో పాత పెంటియం 4 ఉన్న కొందరికి ఇన్‌స్టలేషన్ దగ్గరే ఆగిపోయింది. ఎందుకంటే విండోస్ 8కి ఎన్ఎక్స్ అనే సెక్యూరిటీ ఫీచర్ ప్రాసెసర్‌లో తప్పనిసరి. అంటే ఈ గొడవ మనకి కొత్తేం కాదు.

ఇప్పుడు అసలు విషయం, సిస్టమ్. విండోస్ 11కి 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్కు చాలని రాసి ఉంటుంది. 4 జీబీతో బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరిస్తే మీరే కుర్చీలోంచి లేచిపోతారు. 8 లేకుండా ఆలోచించకండి. ఎస్ఎస్‌డీ లేకుండా అసలే వద్దు. అయినా జనాన్ని ఆపుతున్నది ఇవి కావు. టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్, నమ్మకమైన ప్రోగ్రామ్‌తోనే సిస్టమ్‌ని ఆన్ కానిచ్చే సెక్యూర్ బూట్, ప్రాసెసర్ తరం, ఈ మూడూ.

టీపీఎం లేదని మెసేజ్ వస్తే కంగారు పడకండి. చాలా బోర్డుల్లో ఉంటుంది కానీ ఆఫ్‌లో ఉంటుంది. ఇంటెల్ బోర్డుల బయోస్‌లో పీటీటీ అనీ, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అనీ కనిపిస్తుంది. రన్ బాక్సులో టీపీఎం డాట్ ఎంఎస్‌సీ అని కొడితే ఉందో లేదో, ఏ వెర్షనో చెప్పేస్తుంది. సెక్యూర్ బూట్ దగ్గర మాత్రం జాగ్రత్త. పాత ఇన్‌స్టలేషన్లలో డిస్కు విభజన ఎంబీఆర్ అనే పాత పద్ధతిలో ఉంటుంది. దాన్ని జీపీటీ అనే కొత్త పద్ధతికి మార్చకుండా బయోస్‌లో లెగసీ అనే పాత బూట్ విధానం తీసేసి యూఈఎఫ్ఐ అనే కొత్తది పెట్టారంటే సిస్టమ్ బూట్ కాదు. విండోస్‌లోనే ఎంబీఆర్‌2జీపీటీ అని ఒక టూల్ ఉంది, డేటా పోకుండా మారుస్తుంది. అయినా ముందు బ్యాకప్ తీయండి. డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే దాని రికవరీ కీ కాగితం మీద రాసుకోకుండా బయోస్‌లో వేలు పెట్టకండి.

ప్రాసెసర్‌కి మాత్రం బయోస్‌లో మందు లేదు. ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి, ఏఎండీలో రైజెన్ 2000 సిరీస్ నుంచి, కొన్ని మినహాయింపులతో. ఇంటెల్ ఎనిమిదో తరం వచ్చింది 2017లో. అంతకు కొన్ని నెలల ముందు కొన్న ఐ7 కూడా లిస్టులో లేదు. సికింద్రాబాద్ సీటీసీ, చెన్నై రిచీ స్ట్రీట్ లాంటి కంప్యూటర్ మార్కెట్లలో సెకండ్‌హ్యాండ్ డెస్క్‌టాప్ కొనేటప్పుడు "ఐ5 సార్, సూపర్ స్పీడ్" అంటారు. ఐ5 అన్నది ఏమీ చెప్పదు. దాని తర్వాతి నంబరు చూడాలి. ఐ5 6500 అంటే ఆరో తరం, ఐ5 8500 అంటే ఎనిమిదో తరం. కార్పొరేట్ ఆఫీసులు వదిలించుకున్న ఆరు, ఏడు తరాల సిస్టమ్‌లు ఇప్పుడు చవగ్గా దొరికేది ఇందుకే. విండోస్‌కి బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేసుకునేవాడికి అవి బంగారం. విండోస్ 11 కోసం కొనేవాడికి కాదు.

దొడ్డిదారి ఉంది కదా అంటారు. ఉంది. పెన్‌డ్రైవ్ తయారు చేసేటప్పుడు ఈ తనిఖీలన్నీ తీసేసే టూల్స్ ఉన్నాయి, పని కూడా చేస్తాయి. కానీ అలాంటి సిస్టమ్‌లకి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పింది. ఏటా వచ్చే పెద్ద అప్‌డేట్ మీరే మళ్లీ చేతితో వేసుకోవాల్సి రావచ్చు. పైగా 2024లో వచ్చిన 24హెచ్2 వెర్షన్ నుంచి ప్రాసెసర్‌లో పాప్‌కౌంట్ అనే ఇన్‌స్ట్రక్షన్ లేకపోతే బూటే కాదు. కోర్ 2 డ్యుయోల కథ అక్కడితో సరి. ఇంట్లో పిల్లల సిస్టమ్ మీద ప్రయోగం చేసుకోండి. కౌంటర్ మీదున్న సిస్టమ్ మీద వద్దు.

ప్రాసెసర్ దాటినా మన వృత్తిలో అసలు గండం వేరే ఉంది, దీన్ని కీ అమ్మేవాడు చచ్చినా చెప్పడు. మన షాపుల్లో చాలా చోట్ల పని నడిచేది ఇప్పటికీ పేజీలు కూర్చే పాత అడోబీ ప్రోగ్రామ్ పేజ్‌మేకర్ మీద, అను తెలుగు ఫాంట్ల మీద. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7 వచ్చింది 2001లో. పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, పత్రికల పాత ఫైళ్లు అన్నీ యూనికోడ్ కాని, అంటే ఆ ఫాంట్ ఉంటేనే చదవగలిగే అక్షరాల్లో ఉండిపోయాయి. విండోస్ 11లో 32 బిట్ వెర్షనే లేదు. 64 బిట్ విండోస్ మీద 16 బిట్ ప్రోగ్రామ్ ఒక్కటీ నడవదు. కాబట్టి డాస్ మీద ఫాక్స్‌ప్రోలో రాయించుకున్న బిల్లింగ్ ప్రోగ్రామ్ ఉంటే అది నేరుగా తెరుచుకోదు, పాత డాస్‌ని అనుకరించే డాస్‌బాక్స్ లాంటిది పెట్టుకోవాలి. 32 బిట్ డ్రైవర్ మాత్రమే ఉన్న పాత స్కానర్ మూలన పడుతుంది. లాక్, అంటే సిస్టమ్‌కి తగిలిస్తేనే ప్రోగ్రామ్ తెరుచుకునే డాంగిల్, ఉన్న సాఫ్ట్‌వేర్‌కి ఇంకో తలనొప్పి. మెమొరీ ఇంటెగ్రిటీ అనే విండోస్ సెక్యూరిటీ సెట్టింగ్ ఆన్‌లో ఉంటే పాత డ్రైవర్లని లోడ్ కానివ్వదు.

ప్రింటర్ల గురించి టెన్షన్ కొంచెం ఎక్కువే చేసుకుంటున్నారు. ప్రింటర్ కంపెనీల సొంత డ్రైవర్లను విండోస్ అప్‌డేట్ ద్వారా పంపడం మెల్లగా తగ్గిస్తామని మైక్రోసాఫ్ట్ 2023లోనే ప్రకటించింది. అంటే ఉన్న ప్రింటర్ మర్నాడే ఆగిపోతుందని కాదు. తయారీ కంపెనీ సైట్లో 64 బిట్ డ్రైవర్ ఉంటే దించి వేసుకోవచ్చు. ఆ డ్రైవర్ ఫైలు ఇప్పుడే దించి రెండు చోట్ల దాచుకోండి. పాత మోడల్ పేజీలు సైట్లలోంచి ఎప్పుడు మాయమవుతాయో చెప్పలేం.

నా సలహా ఏమిటంటే, పేజ్‌మేకర్ సిస్టమ్‌ని అలాగే ఉంచండి. అప్‌గ్రేడ్ చేయకండి. దాని నెట్ వైరు పీకేయండి. మెయిల్, వాట్సాప్ వెబ్, బ్యాంకు, జీఎస్టీ, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ ఇవన్నీ సపోర్టు ఉన్న వేరే సిస్టమ్‌లోకి మార్చండి. పేజ్‌మేకర్‌లో చేసింది పీడీఎఫ్‌గా తీసి ఇటు తెచ్చుకోండి. మధ్యలో తిరిగే పెన్‌డ్రైవ్ మీ సొంతదై ఉండాలి. కస్టమర్ తెచ్చింది అందులో గుచ్చకండి. కొత్త పనులు మాత్రం యూనికోడ్‌లో మొదలుపెట్టండి. పేజ్‌మేకర్ స్థానంలో వచ్చిన ఇన్‌డిజైన్‌లో తెలుగు ఒత్తులు సరిగ్గా రావాలంటే వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోవాలి. అది తెలియక ఇంకా పేజ్‌మేకర్‌నే పట్టుకుని వేలాడుతున్నవాళ్లు నాకు తెలుసు.

విండోస్ 10లోనే ఉండక తప్పనివాళ్లకి ఒక వెసులుబాటు ఉంది. వ్యక్తిగత వాడకందారులకి 2026 అక్టోబరు 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు ఇచ్చే ఈఎస్‌యూ పథకం. 22హెచ్2 వెర్షన్ ఉండాలి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అవ్వాలి. సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే ఉచితం, లేదంటే 1,000 రివార్డ్స్ పాయింట్లు, అదీ కాకపోతే 30 డాలర్లు. సంస్థలకి వేరే లెక్క, మొదటి ఏడాది సిస్టమ్‌కి 61 డాలర్లు, ఆపై ఏటేటా రెట్టింపు, మూడేళ్లకి మించి లేదు. ఆఫీసు డొమైన్‌లో చేర్చిన సిస్టమ్‌లకి మొదటి పథకం వర్తించదు. ఐదొందల కీ కొనేబదులు ఈ గడువు వాడుకుని, ఆ డబ్బుతో పాటు ఇంకొంత కూడబెట్టి ఎనిమిదో తరం సిస్టమ్‌కి పోవడం నయం.

లినక్స్ గురించి రెండు ముక్కలు. కౌంటర్‌లో బ్రౌజర్, పీడీఎఫ్, ప్రింటు మాత్రమే కావాలంటే లినక్స్ మింట్ ఆరో తరం సిస్టమ్ మీద హాయిగా నడుస్తుంది, పైసా ఖర్చు లేదు, తెలుగు యూనికోడ్ చక్కగా కనిపిస్తుంది. కేరళ ప్రభుత్వ బడుల్లో ఏళ్లుగా నడుస్తున్నది ఇలాంటి ఉచిత సాఫ్ట్‌వేరే. కానీ వేలిముద్ర పరికరాలు, సిగ్నేచర్ టోకెన్లు ఉన్నచోట ముందు వాటి కంపెనీని లినక్స్ డ్రైవర్ ఉందా అని అడగండి. పెన్‌డ్రైవ్ నుంచే లైవ్‌గా నడిపి, మీ ప్రింటర్ మీద ఒక పేజీ తీసి చూశాకే ఇన్‌స్టాల్ చేయండి.

నేను చెప్పాల్సింది అయిపోయింది, ఇక మీ ప్రశ్నలు అడగండి. సిస్టమ్ గురించి అడిగేవాళ్లు ఐ3, ఐ5 అని ఆపేయకుండా ప్రాసెసర్ నంబరు పూర్తిగా చెప్పండి.