రాత్రిపూట ఇసుర్రాయి చప్పుడు

శ్రోతలకు నమస్కారం. నల్లగొండలో పిల్లల పళ్ల వైద్యం చేస్తుంటాను. ఈమధ్య దేవరకొండ వైపు నుంచి ఒకామె కొడుకును తీసుకొచ్చింది. ఆరేళ్లవాడు, ఆటిజం ఉంది, మాటలు రాలేదు. ఆమె ఏమీ చెప్పకుండా ముందు ఫోన్ తీసి నా చెవి దగ్గర పెట్టింది. అర్ధరాత్రి రికార్డు చేసిందట. గర్ర్... గర్ర్... అచ్చం ఇసుర్రాయిలో జొన్నలు విసిరినట్టే ఉంది.

"పండ్లు కొరుకుతుండు సార్. కడుపుల పురుగులున్నయని మా అత్తమ్మ అంటది. మూడుసార్లు గోలీలేసిన."

ఈ మాట మన దగ్గర ఏ ఇంట్లోనైనా వినిపిస్తుంది. అంగన్‌వాడీలో, బడిలో ఇచ్చే నులిపురుగుల గోలీ తప్పకుండా వేయించండి. కానీ పళ్లు కొరికినప్పుడల్లా అదే వేస్తే లాభం లేదు. నిద్ర మధ్యలో మెదడు ఓ క్షణం సగం మేలుకుంటుంది, అప్పుడు దవడలు బిగుసుకుంటాయి. మామూలు పిల్లల్లోనూ ఇది ఉంటుంది, వయసు పెరిగేకొద్దీ చాలామందికి దానంతటదే తగ్గిపోతుంది. ఆటిజం, పుట్టుకతోనే ఎదుగుదల నెమ్మదిగా ఉండే డౌన్ సిండ్రోమ్, ఒంటి కదలికలు అదుపులో ఉండని సెరిబ్రల్ పాల్సీ, కుదురూ ధ్యాసా నిలవని ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల్లో ఎక్కువ. వాళ్లలో చాలామందికి నిద్రే సరిగా పట్టదు మరి. కొందరికి వాడే మందుల వల్ల కూడా రావచ్చు. అలాగని మందు మీరే ఆపేయకండి, రాసిన డాక్టర్‌నే అడగండి.

ఆ బాబు నోరు తెరవడానికే అరగంట పట్టింది. కుర్చీ ఎక్కనన్నాడు. నా చిన్న అద్దం చేతికిచ్చి, తల్లి ఒళ్లోనే పడుకోబెట్టి చూశాను. వెనక పాలపళ్లు అరిగి పలకలా చదునైపోయాయి. మన జిల్లాలో పళ్లు పాడైతే ముందు ఫ్లోరైడ్ నీళ్లనే తిడతాం. ఆ నీళ్లతో వచ్చేవి మచ్చలు, గుంటలు. ఇది రాపిడి. ఎడమవైపు ఒక పన్ను పుచ్చిపోయి ఉంది. రెండు నెలలుగా రొట్టె ముట్టడం లేదని, ఎడమ చెంప మీద కొట్టుకుంటున్నాడని అప్పుడు చెప్పింది తల్లి. మొండితనం అనుకుని రెండు దెబ్బలు కూడా వేసిందట. నొప్పి అని చెప్పే మాట వాడి దగ్గర లేదు.

"గురక పెడతాడా అమ్మా?"

"పెడతడు సార్. నోరు తెరుసుకునే పంటడు."

టాన్సిల్స్ బాగా వాచి ఉన్నాయి. ఊపిరికి అడ్డం పడితే నిద్ర చెదురుతుంది, కొరకడమూ పెరుగుతుంది. పన్ను నేను బాగుచేసి, చెవి ముక్కు గొంతు డాక్టర్ దగ్గరికి పంపాను. రాత్రి పెట్టుకునే ప్లాస్టిక్ తొడుగు కావాలా అని అడిగింది. దవడ ఇంకా ఎదిగే వయసు, పైగా వాడు దాన్ని నోట్లో ఉంచుకోడు. వద్దన్నాను. సాయంత్రం చాయ్ మాన్పించమని, పడుకునే గంట ముందే ఫోన్ దాచేయమని చెప్పాను. చాయ్ మానడమే కష్టమైందట, వాళ్ల తాతకు!

మొన్న మళ్లీ వచ్చింది, కొత్త రికార్డింగ్‌తో. ఫ్యాన్ చప్పుడు, ఎక్కడో కుక్క మొరుగుడు, మధ్యలో కాసేపు గర్ర్ మని. గురక లేదు.

"రొట్టె తింటుండు సార్" అంది.