వానకు ముందే మమ్మల్ని పిలవండి

అందరికీ నమస్కారం. కాలనీ కమిటీల పెద్దలు, మహిళా సంఘాల సమాఖ్య అక్కలు, యూత్ సంఘాల తమ్ముళ్లు ఇట్లా ఒకచోట కూర్చోవడం మన ఓరుగల్లులో తరచూ జరిగేది కాదు. పైగా కార్పొరేషన్ ఇంజినీర్లు కూడా వచ్చారు. అందుకని నేరుగా విషయానికి వస్తాను.

కార్పొరేషన్‌కూ మన సంఘాలకూ మధ్య ఇప్పుడున్నది ఎక్కువగా దరఖాస్తు సంబంధం. వీధిలైటు వెలగట్లేదని, మోరీ మీద బండ పగిలిందని, కుక్కల బెడద ఎక్కువైందని రాసిస్తాం. వాళ్లు ముద్ర వేసి తీసుకుంటారు. ఇదీ కావాల్సిందే. కానీ ఆ మోరీ ఎంత వెడల్పు ఉండాలో, నీళ్లు ఎటు పోవాలో తేల్చే రోజున గల్లీ వాళ్లెవరూ అక్కడ ఉండరు. జేసీబీ వచ్చి తవ్వుతుంటే అప్పుడు తెలుస్తుంది. పని తలపెట్టినప్పుడే సంఘాలను పిలవాలని అడగడానికే నేనిక్కడ నిలబడ్డాను.

ఇదేం కొత్త కోరిక కాదు. 1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ 3 లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని చెప్పింది. మన రాష్ట్రం 2019లో తెచ్చిన మున్సిపల్ చట్టం ఇంకా ముందుకెళ్లింది. ప్రతి వార్డుకూ యువతకు ఒకటి, మహిళలకు ఒకటి, సీనియర్ సిటిజన్లకు ఒకటి, ప్రముఖులకు ఒకటి, మొత్తం నాలుగు కమిటీలు. ఒక్కో దాంట్లో 15 మంది. 2021 ఎన్నికల నాటికి మన గ్రేటర్ వరంగల్‌లో 66 డివిజన్లు, అంటే వార్డులు. లెక్క వేయండి, 3,960 మంది అవుతారు. ఊరంతా పరుచుకున్న ఇంత బలగం ఏ ఆఫీసుకు ఉంది? మరి మీ డివిజన్ కమిటీలో ఎవరెవరున్నారో మీలో ఎంతమందికి తెలుసు? పక్కవాళ్లను అడిగి చూడండి.

కలిసి పని చేయడం మన ఊరికి చేతకాదా అంటే, బ్రహ్మాండంగా చేతనవును. 2012 అక్టోబరులో ఇక్కడ జరిగిన క్లీన్ సిటీస్ పోటీ చాలామందికి గుర్తుండే ఉంటుంది. వేరే పట్టణాల మున్సిపల్ సిబ్బంది కూడా వచ్చి, గడప గడపకూ తిరిగి తడి చెత్త, పొడి చెత్త వేరు చేయించారు. దేశమంతా మన వైపు చూసింది. అట్లాంటిది అలవాటుగా నిలబడాలంటే మాత్రం, పోటీ అయిపోయాక కూడా గల్లీలో అడిగే మనిషి ఒకరుండాలి. ఆ మనిషికి పారిశుద్ధ్యం చూసే జవాన్ దగ్గరా, అసిస్టెంట్ ఇంజినీరు ఏఈ సారు దగ్గరా మాట చెల్లాలి.

బతుకమ్మ సంగతే తీసుకోండి. పండుగ దగ్గర పడుతుంటే చెరువు గట్టు చదును చేస్తారు, పిచ్చిమొక్కలు కొట్టిస్తారు, లైట్లు కడతారు. ఆడవాళ్లు దిగే చోట మెట్లు జారుతున్నాయంటే వచ్చి చూస్తారు. తారీఖు ముందే తెలుసు, ఎవరికి ఏం కావాలో ముందే తెలుసు. వానాకాలం తారీఖు కూడా అందరికీ తెలిసిందే కదా! మే నెలలో అదే శ్రద్ధతో మమ్మల్ని ఎందుకు కూర్చోబెట్టకూడదు?

ఇక్కడ నాలాల గురించి కొంచెం ఎక్కువ మాట్లాడతాను. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జూలైలో ఏం జరిగిందో మీలో చాలామంది నడుంలోతు నీళ్లలో నిలబడి చూశారు. హంటర్ రోడ్డు వైపు బొందివాగు పొంగి ఎన్టీఆర్ నగర్ మునిగింది. 2023లో పోతన నగర్ వైపు భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. నాలాకు డివిజన్ హద్దులు తెలియవు. పైన ఒక కాలనీ వాళ్లు గోడ రెండడుగులు ముందుకు జరిపితే, కింద బస్తీలో వంటింట్లోకి నీళ్లొస్తాయి. కానీ మన కమిటీలు డివిజన్ల వారీగా, కాలనీల వారీగా విడిపోయి ఉన్నాయి. పైవాళ్లకూ కిందివాళ్లకూ ముఖపరిచయం లేదు. అందుకే నాలా వెంబడి ఉన్న సంఘాలన్నింటినీ కార్పొరేషనే ఒక బల్ల దగ్గరికి తేవాలి. మనం పిలిస్తే పక్క కాలనీ వాళ్లు రాకపోవచ్చు. కమిషనర్ ఆఫీసు నుంచి కబురొస్తే తప్పకుండా వస్తారు.

ఆ బల్ల మీద ఏముండాలి? నాలా మ్యాపు ఉండాలి, తెలుగులో. పూడికతీత ఎస్టిమేట్ కాపీ ఉండాలి. ఏ రోజు ఎక్కడ తీస్తారో ఉండాలి. ఒక్కసారి పూడిక తీసే చోట నిలబడి చూడండి. కల్వర్టు కింద నుంచి నల్లటి బురద, కవర్లు, పాత చాపలు, కొబ్బరి బొండాలు బయటికి తీసి పక్కనే కుప్ప పోస్తారు. ట్రాక్టరు రేపొస్తుందంటారు. రాత్రి వాన పడితే ఆ కుప్పంతా మళ్లీ నాలాలోకే. రికార్డులో మాత్రం పని అయినట్టే. ఎత్తుకెళ్లాకే బిల్లు పాస్ చేయాలని, దానికి ముందు ఆ గల్లీ ఇద్దరి సంతకం తీసుకోవాలని నేను కోరుతున్నాను. పైసా ఖర్చు లేని పని ఇది.

మనవైపు నుంచి కూడా ఒక మాట. కాలనీ కమిటీలు చాలావరకు ప్లాట్ల ఓనర్లవి. కిరాయికి ఉండేవాళ్లు, నాలా ఒడ్డున రేకుల ఇళ్లలో ఉండేవాళ్లు వాటిలో కనబడరు. నీళ్లు ముందు వచ్చేది వాళ్ల ఇంట్లోకే. వాళ్ల మాట వినబడేది పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా కింద ఉన్న మహిళా సంఘాల్లో, స్లమ్ సమాఖ్యల్లో. ఏ ఇంట్లో మంచం పట్టిన ముసలవ్వ ఉందో, ఏ ఇంట్లో బాలింత ఉందో ఆ సంఘాలను చూసుకునే ఆర్పీ (రిసోర్స్ పర్సన్) అక్కకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. వాన రాత్రి పడవలో ముందు ఎవరిని తేవాలో చెప్పగలిగేది ఆమే. కాబట్టి కాలనీ కమిటీ, సమాఖ్య ఒకే వరుసలో కూర్చోవాలి. కుర్చీల్లో మనం, వెనక నిలబడి వాళ్లు అన్నట్టు ఉంటే నేను ఒప్పుకోను.

వెళ్లేముందు ఒక పని చేసి పోండి. గుమ్మం దగ్గర బల్ల మీద రెండు రిజిస్టర్లు పెట్టాం, ఒకటి బొందివాగుకు, ఒకటి నయీంనగర్ నాలాకు. మీ గల్లీ నీళ్లు ఎందులో కలుస్తాయో అందులో సంఘం పేరు, ఫోన్ నంబరు, వాన పడ్డప్పుడు ముందుగా నీళ్లు ఆగే చోటు రాయండి. ఎందులో కలుస్తాయో తెలియకపోతే ఏఈ సారు అక్కడే ఉంటారు, అడగండి. సోమవారం ఫిర్యాదులు తీసుకునే గ్రీవెన్స్‌లో ఆ రెండు రిజిస్టర్లూ కలిసి అందజేద్దాం.