మిన్నెసోటా వాళ్ల "ఓ" మన నోట్లో ఎప్పుడూ ఉంది

[తెర మీద ఒక్క మాట: బోట్]

"బోట్" అనండి. ఇప్పుడు అద్దం ముందు ఆ ఓ-కారాన్ని రెండు సెకన్లు సాగదీయండి. బోఓఓట్. పెదాలు మొదట ఎలా ఉన్నాయో చివరా అలాగే ఉన్నాయి కదా? అమెరికాలో చాలాచోట్ల ఇది "బోఉట్" అవుతుంది. అంటే చివరికొచ్చేసరికి పెదాలు ముడుచుకుంటాయి, నాలుక పైకి జరుగుతుంది. ఉత్తరాన ఉన్న మిన్నెసోటా రాష్ట్రంలో, అందులోనూ పల్లెల్లో పెద్దవాళ్ల నోట, "ఓ" కదలకుండా నిలబడుతుంది. "డే", "కేక్"లలో ఏ-కారమూ అంతే.

[మ్యాప్: నార్వే, స్వీడన్, జర్మనీల నుంచి మిన్నెసోటాకు బాణాలు]

అమెరికా ప్రభుత్వం తెచ్చిన 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద ఐదేళ్లు ఉండి సాగుచేసుకుంటే 160 ఎకరాల ప్రభుత్వ భూమి సొంతమయ్యేది. ఈ మూడు దేశాల నుంచీ జనం పెద్ద ఎత్తున వచ్చారు. సొంత ఊరివాళ్ల పక్కనే భూములు పట్టుకున్నారు, చర్చిలోనూ సొంత భాషే. నార్వేజియన్, జర్మన్ దీర్ఘాచ్చులు మన వాటిలాగే నిలకడైనవి. పిల్లలు ఇంగ్లీషు విన్నదేమో ఆ అచ్చులతో మాట్లాడే పెద్దల దగ్గర. ఈ "ఓ"కి సాధారణంగా చెప్పే కారణం ఇదే.

మాటల కూర్పులోనూ జాడ ఉంది. "యూ వాన్నా కమ్ విత్?" అంతే, ఎవరితో అన్నది ఉండదు. జర్మన్‌లో "కొమ్స్ట్ డూ మిట్?" అచ్చం ఇదే. మనం "వస్తావా?" అని ఊరుకోమూ, అలా.

"బ్యాగ్"ని "బేగ్" అనడాన్ని కూడా నార్వే వాళ్ల ఖాతాలో వేసేస్తుంటారు. తొందరపడకండి. అది గ-కారం ముందే జరుగుతుంది, "బ్యాట్" మాత్రం బ్యాట్‌గానే ఉంటుంది. పైగా కెనడాలోనూ వినిపిస్తుంది.

[దగ్గరగా: నోరు, దాని ముందు సన్నని కాగితం ముక్క]

మరి "ఓ" సరిగ్గా ఉన్నా మన "టోస్ట్" అక్కడి వాళ్లదిలా ఎందుకు వినబడదు? తప్పు "ట"లో ఉంది. మనం నాలుక కొన మడిచి అంగిలికి తాకిస్తాం. మడవకుండా, పైపళ్ల వెనకున్న చిగురు గట్టుకి ఆనించండి. వదిలేటప్పుడు గాలి ఫట్‌మని రావాలి. కాగితం నోటికి నాలుగు వేళ్ల దూరంలో పట్టుకుని "టోస్ట్" అనండి. కాగితం ఊగకపోతే గాలి చాల్లేదన్నమాట. ఊగింది కానీ చివర "టోస్టు" అని ఉ-కారం తగిలిందా? మళ్లీ మొదటి నుంచి.