ముందే చెప్పే ఆకాశం

శ్రోతలకు నమస్కారం.

రేడియో అంటే నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. ఇందులో ఒకసారి ఒక గొంతే వినిపిస్తుంది. ఆ గొంతు ఎవరిదైనా, వాళ్ల కళ్లలోకి చూడాల్సిన పని లేదు. ఎప్పుడు తలూపాలో, ఎప్పుడు నవ్వాలో ఆలోచించనక్కర్లేదు. మాటను మాటగా వింటే చాలు. అందుకే ఈ ప్రసంగం చేస్తారా అని అడిగితే ఒప్పుకున్నాను. ఒప్పుకుంటూనే ఒకటి అడిగాను: రికార్డింగుకు ముందు రోజు వచ్చి, ఎవరూ లేనప్పుడు ఈ గదిలో పావుగంట కూర్చుంటానని. సరేనన్నారు. నిన్న వచ్చి కూర్చున్నాను. తలుపు ఎటు తెరుచుకుంటుందో, కుర్చీ జరిపితే ఎంత చప్పుడవుతుందో, ఏసీ హోరు ఎలా ఉంటుందో తెలుసుకున్నాను. ఆ పావుగంట దొరికింది కాబట్టే ఇవాళ మీతో నిదానంగా మాట్లాడగలుగుతున్నాను.

నాకు 41 ఏళ్లు. నాకు ఆటిజం ఉందని తెలిసింది 36వ ఏట. అంతకుముందు నాకున్న పేర్లు వేరు. పొగరు, మొండితనం, ఎవరితోనూ కలవదు, చిన్న విషయానికే ఇదైపోతుంది. ఆడవాళ్లలో ఆటిజాన్ని గుర్తించడం తరచూ ఆలస్యమవుతుంది. పదిమందిలో ఎలా మసలాలో పక్కవాళ్లను చూసి, కంఠతా పట్టి, అచ్చం అలాగే చేసేవాళ్లు మాలో చాలామంది ఉంటారు. దీన్ని మాస్కింగ్ అంటారు. బయటివాళ్లకు అంతా మామూలుగానే కనిపిస్తుంది. లోపల ఎంత అలసట ఉంటుందో మోసేవాళ్లకే తెలుసు.

ఆటిజం జబ్బు కాదు. మెదడు ఎదిగే తీరులో మొదటి నుంచీ ఉండే తేడా. పెంపకం లోపం వల్ల వచ్చేది అంతకంటే కాదు. ఒకప్పుడు తల్లులు ముద్దుచేయకపోవడం వల్లే వస్తుందని కొందరు డాక్టర్లే అన్నారు. ఆ మాట ఎందరు తల్లుల్ని ఏడిపించి ఉంటుందో తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఆటిజం అందరిలో ఒకేలా ఉండదు కాబట్టి దాన్ని స్పెక్ట్రమ్ అంటారు. అలా అన్నారు కదా అని, ఒక చివర తక్కువ, ఇంకో చివర ఎక్కువ అని గీత గీసి చూడకండి. ఒకే మనిషిలో ఒక పని తేలిగ్గా, ఇంకోటి చాలా బరువుగా ఉండొచ్చు. నేను వంద పేజీల లెక్కల్లో తప్పు పట్టుకోగలను, మోగుతున్న ఫోను ఎత్తడానికి మాత్రం చెయ్యి రాదు. మాటలు అసలే రానివాళ్లు, రాత్రీ పగలూ తోడు కావలసినవాళ్లు కూడా మాలో ఉన్నారు. వాళ్లందరి తరఫున మాట్లాడే హక్కు నాకు లేదు. నా రోజు గురించి మాత్రం చెప్పగలను.

ఆటిజం అనగానే అందరికీ పిల్లలే గుర్తొస్తారు. ఆ పిల్లలు పెరిగి పెద్దవుతారు కదా. 1943లో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు అమెరికాలో 11 మంది పిల్లల గురించి ఒక వ్యాసం రాశారు. అందులో మొదటి పిల్లవాడి పేరు డోనాల్డ్ ట్రిప్లెట్. అతను పెరిగి పెద్దవాడై, డిగ్రీ చదివి, తన ఊరి బ్యాంకులోనే ఏళ్ల తరబడి పనిచేశాడు. కారు నడిపాడు, గోల్ఫ్ ఆడాడు, ఎన్నో దేశాలు తిరిగాడు. 2023లో, 89వ ఏట కన్నుమూశాడు. ఇదంతా చదువుతుంటే నాకు గోల్ఫ్ దగ్గర మనసు ఆగిపోయింది. వైద్య పుస్తకాల్లో 'మొదటి కేసు'గా మిగిలిన మనిషికి తనకంటూ ఇష్టమైన ఆట ఒకటి ఉంది.

నాకు ఇష్టమైనవి మబ్బులు.

పొద్దున లేవగానే బాల్కనీలోకి వెళ్లి ఆకాశం చూసి నోట్‌బుక్‌లో రాసుకుంటాను. మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి. 16వ ఏట మొదలుపెట్టాను, ఇప్పటికి 31 పుస్తకాలయ్యాయి. వాతావరణ శాఖలవాళ్లు ఆకాశాన్ని ఎనిమిది భాగాలుగా ఊహించుకుని, అందులో ఎన్ని భాగాలు మబ్బు కమ్మిందో లెక్క కడతారు. ఒక్కో భాగాన్ని ఆక్టా అంటారు. మబ్బు తునక లేకపోతే సున్నా, పూర్తిగా మూసుకుపోతే ఎనిమిది. నేనూ అదే లెక్కలో రాస్తాను. దాని పక్కన మబ్బు రకం, గాలి ఎటు నుంచి వీస్తోందో, అంతే.

మబ్బులకు ఇప్పుడు మనం వాడే పేర్లు పెట్టింది ల్యూక్ హోవర్డ్. వృత్తికి లండన్‌లో మందులు తయారుచేసి అమ్మేవాడు. ఆకాశాన్ని చూడటం ఆయనకు ఇష్టమైన పని, అంతే. 1802లో కొద్దిమంది మిత్రులున్న చిన్న సంఘంలో ఒక ప్రసంగం చేశాడు. క్షణక్షణం మారిపోయే వాటికి పేర్లేమిటని అప్పటిదాకా ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఆయన లాటిన్ మాటలు తీసుకున్నాడు. జుట్టు కుచ్చులా ఉంటే సిర్రస్, కుప్పలా ఉంటే క్యుములస్, పొరలా పరుచుకుంటే స్ట్రాటస్. ఆ పేర్లు 200 ఏళ్లు దాటినా అలాగే ఉన్నాయి. మబ్బుల బొమ్మలతో అంతర్జాతీయ అట్లాస్ 1896లో మొదటిసారి వచ్చింది. 2017లో వచ్చిన కూర్పులో ఆస్పెరిటాస్ అనే కొత్త పేరు చేరింది. కింద నుంచి చూస్తే అలలు రేగిన సముద్రాన్ని తిరగేసినట్టు ఉంటుంది. మబ్బుల్ని ఇష్టంగా చూసే మామూలు జనం ఫోటోలు తీసి పంపుతూ వచ్చారు కాబట్టే దానికి ఆ చోటు దక్కింది. ఈ సంగతి తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు, అంత సంతోషం.

దూదిపింజల్లా తేలే క్యుములస్‌ను మనం తేలిక అనుకుంటాం. కిలోమీటరు పొడవు, కిలోమీటరు వెడల్పు, కిలోమీటరు ఎత్తున్న క్యుములస్‌లో సుమారు 500 టన్నుల నీరుంటుంది. అంత బరువూ కంటికి ఆనని చుక్కలుగా చెదిరి ఉంటుంది కాబట్టి పైకి లేచే గాలి దాన్ని మోస్తుంది. ఇంకోటి గమనించండి. దాని తల ఎన్ని బుడిపెలుగా ఉన్నా అడుగు మాత్రం చదునుగా ఉంటుంది, గీత గీసినట్టు. పైకి పోయే గాలి చల్లబడి, అందులోని ఆవిరి నీటి చుక్కలుగా మారే ఎత్తు చుట్టుపక్కలంతా ఇంచుమించు ఒకటే కావడమే కారణం.

చూశారా, అడగకుండానే ఎంత చెప్పేశానో. మాలో చాలామంది ఇంతే. ఆటిజం ఉన్నవాళ్ల మనసు ఒకేసారి పది వైపులకు పోదు, ఒక్క వైపే బలంగా పారుతుంది అని కొందరు పరిశోధకులు అంటారు. వాళ్లలో కొందరు స్వయంగా ఆటిజం ఉన్నవాళ్లే. నాకది నిజమనిపిస్తుంది. మబ్బుల గురించి చదువుతున్నప్పుడు నా లోపలి రొద ఆగిపోతుంది. డాక్టర్ల పుస్తకాల్లో దీన్ని పరిమితమైన ఆసక్తులు అని రాస్తారు. నా ఆసక్తి మొత్తం ఆకాశమంత ఉంది, దాన్ని పరిమితం అనడం నాకు ఒప్పదు.

ఒకావిడ నన్నడిగారు, "మీకు మార్పంటే పడదు కదమ్మా, మబ్బు క్షణం నిలవదు కదా, అదెలా ఇష్టమైంది?" మంచి ప్రశ్న. దానికి జవాబు వెతుక్కోవడానికి నాకు రెండు వారాలు పట్టింది.

ఆకాశం మారే ముందు చెబుతుంది. వెచ్చటి గాలి చల్లగాలి మీదికి ఎక్కుతూ వచ్చేటప్పుడు మొదట చాలా ఎత్తులో మంచు స్ఫటికాల సిర్రస్ కనిపిస్తుంది. తర్వాత పల్చటి పొర పరుచుకుంటుంది. చంద్రుడి చుట్టూ పెద్ద వెలుగు వలయం కడుతుంది, దాన్నే గుడి కట్టడం అంటాం. చెయ్యి చాపి వేళ్లు విప్పితే బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా ఎంత ఉంటుందో, చంద్రుడి నుంచి ఆ వలయానికి ఇంచుమించు అంత దూరం, 22 డిగ్రీలు. ఆరు పలకల మంచు స్ఫటికాలు వెన్నెలను వంచడం వల్ల అది ఏర్పడుతుంది. ఆ తర్వాత పొర మందమై, కిందికి దిగి, చివరికి వాన. 'దూరపు గుడి దగ్గర వాన' అని పెద్దవాళ్లు ఊరికే అనలేదు. ఒక్కో మెట్టుకీ మధ్య గంటల సమయం ఉంటుంది. నాకు సర్దుకునే వీలుంటుంది.

నాకు కష్టమైంది మార్పు కాదు. చెప్పకుండా వచ్చే మార్పు.

మూడు గంటల మీటింగు రెండున్నరకే అన్నారనుకోండి. "అరగంటేగా" అంటారు. మూడు గంటల దాకా ఏ నిమిషం ఏం చేయాలో, ఎవరు ఏ ప్రశ్న అడిగితే ఏం చెప్పాలో ముందు రోజు రాత్రే మనసులో పేర్చుకుని ఉంటాను. ఆ పేర్పు ఒక్కసారిగా కూలిపోతుంది. చేతులు చల్లబడతాయి, మాట తడబడుతుంది. అదే పొద్దున్నే ఒక మెసేజ్ పెడితే నాకు ఏ ఇబ్బందీ ఉండదు.

ఆఫీసులో నాది లెక్కలు సరిచూసే పని. పని ఇష్టమే, గది కష్టం. ట్యూబులైటు పాడయ్యే ముందు సన్నగా జుంయ్‌మంటుంది. అది పక్కవాళ్లకు వినబడదు. నాకు ఆ శబ్దం, ఎదుటి మనిషి మాట, వెనక ప్రింటరు, బయట చెప్పుల చప్పుడు అన్నీ ఒకే ఎత్తులో వినిపిస్తాయి. చాలామంది మెదడు తనంతట తానే జల్లెడ పడుతుందట. నాకు ఆ జల్లెడ నేనే పట్టాలి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా. శబ్దం, వెలుతురు, స్పర్శ ఇంతగా తగలడాన్ని 2013లో అమెరికా మానసిక వైద్యుల నిర్ధారణ పుస్తకంలో ఆటిజం లక్షణాల మధ్య చేర్చారు. అది చదివినప్పుడు, నేను కల్పించి చెప్పడం లేదని నాకే ఒక సాక్ష్యం దొరికినట్టయింది.

కొన్ని సాయంత్రాలు ఇల్లు చేరేసరికి మాట పడిపోతుంది. కోపం కాదు, అలక కాదు. చెప్పాలనే ఉంటుంది, గొంతు దాకా రాదు. మా అక్కకు మొదట్లో తెలియక "ఏమైందో చెప్పవే" అని గుచ్చి గుచ్చి అడిగేది. ఇప్పుడు లైటు తీసేసి, తలుపు దగ్గరికి వేసి, ఫోనుకు మెసేజ్ పెడుతుంది: "నేను పక్క గదిలోనే ఉన్నా. జవాబు ఇవ్వక్కర్లేదు." ఆ రెండో వాక్యం ఉంది చూశారా, దాని వల్లే నేను తొందరగా తేరుకుంటాను.

మనుషులు ఊరికే పలకరింపుగా అనే మాటలు నాకు చాలాకాలం అర్థం కాలేదు. ఆఫీసులో చేరిన కొత్తలో ఒకరు కిటికీలోంచి చూసి "వాన పడేలా ఉందే" అన్నారు. నేను నిజంగా ఆలోచించి, పడమటి వైపు ఏ మబ్బుంది, దాని తల ఇంకా ఎందుకు కమ్మరి దాగలిలా పరుచుకోలేదు, ఇంకెంతసేపు పట్టొచ్చు, అన్నీ చెప్పాను. తలెత్తి చూస్తే ఆయన ఫోను చూసుకుంటున్నారు. ఆ తర్వాత కొన్నేళ్లపాటు ఆఫీసులో మబ్బుల మాటే ఎత్తలేదు.

డామియన్ మిల్టన్ అనే పరిశోధకుడు, ఆయనకూ ఆటిజం ఉంది, 2012లో ఒక మాట రాశారు. ఆటిజం ఉన్నవాళ్లకు ఎదుటివాళ్ల మనసు తెలియదు అంటారు కదా, ఎదుటివాళ్లకూ వీళ్ల మనసు తెలియడం లేదు, లోటు రెండు వైపులా ఉంది అని. 2020లో వచ్చిన ఒక అధ్యయనంలో ఎనిమిదేసి మందిని వరసగా పెట్టి, ఒక కథను ఒకరి నుంచి ఒకరికి చెప్పించారు. అందరూ ఆటిజం ఉన్నవాళ్లే అయిన వరసలోనూ, ఎవరికీ లేని వరసలోనూ కథ ఒకేలా చేరింది. కలిపి పెట్టిన వరసలో మాత్రం వివరాలు ఎక్కువగా జారిపోయాయి. అందరూ ఆటిజం ఉన్నవాళ్లే అయిన వరసలో కథ చెదరలేదంటే, మాకు మాట్లాడటం రాదనడం న్యాయం కాదు.

మూడేళ్ల కిందట ఒక కొత్త సహోద్యోగి వచ్చింది. నా బల్ల మీద నోట్‌బుక్ చూసి, "ఈ ఐదు బై ఎనిమిది ఏంటండీ?" అంది. చెప్పాను. వింది. మర్నాడు మళ్లీ ఒక ప్రశ్న తెచ్చింది. ఇప్పుడు మధ్యాహ్నం ఇద్దరం మేడమీదికి వెళ్లి ఐదు నిమిషాలు ఆకాశం చూసి వస్తాం. కొన్ని రోజులు ఒక్క మాటా ఉండదు. తనకు ఆలస్యమైతే ముందే మెసేజ్ పెడుతుంది. నాకు ఉన్న స్నేహం ఇదీ అని గట్టిగా చెప్పగలను.

పోయిన ఏడాది ఆఫీసు వేరే అంతస్తుకు మారింది. రెండు వారాలు సుత్తి దెబ్బలు, డ్రిల్లింగు, కొత్త లైట్లు. నేను తట్టుకోలేక నాలుగు రోజులు సెలవు పెట్టాను. లేచి బాల్కనీ దాకా కూడా వెళ్లలేకపోయాను. పాతికేళ్లలో మొదటిసారి నోట్‌బుక్‌లో గళ్లు ఖాళీగా మిగిలిపోతాయని, దానికీ ఏడ్చాను. నోట్‌బుక్ ఆఫీసు బల్ల మీదే ఉండిపోయింది.

ఐదో రోజు వెళ్లి తెరిచి చూశాను. నాలుగు రోజుల మధ్యాహ్నాలూ నిండి ఉన్నాయి, తన చేతిరాతతో. మూడో రోజు దగ్గర ఇలా ఉంది: "మూడు బై ఎనిమిది అనుకుంటా. పేరు తెలియదు. కుప్పలు కుప్పలుగా ఉన్నాయి. అడుగు చదునుగా ఉంది."

నేను పక్కన పెన్సిలుతో క్యుములస్ అని రాశాను. తన మాటలు ఒక్కటీ చెరపలేదు.

నమస్కారం.